ఒకే ఇంట్లో రెండు ఎర్ర పేపర్లు

మా ఇంటికి రెండు పేపర్లు వచ్చేవి. రెండూ కమ్యూనిస్టు పేపర్లే. నాన్నది విశాలాంధ్ర, చిన్నాన్నది ప్రజాశక్తి. నాన్న విజయనగరం దగ్గర నెల్లిమర్లలో బడిపంతులు. చిన్నాన్న అక్కడే జూట్ మిల్లులో స్పిన్నింగ్‌లో పనిచేసేవాడు. ఒకే అరుగు మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చొని చదువుకునేవారు. ఒకరి పేపరు ఇంకొకరు అడిగేవారు కాదు. నాన్న బడికి పోయాక చిన్నాన్న విశాలాంధ్ర తిరగేసేవాడు. చిన్నాన్న షిఫ్టుకి వెళ్ళాక నాన్న ప్రజాశక్తి సంపాదకీయం చదివి ముక్కుతో ఒక శబ్దం చేసేవాడు. ఈ సంగతి అమ్మకీ నాకూ తెలుసు, అన్నదమ్ములకి మాత్రం ఒకరి గుట్టు ఒకరికి తెలీదు.

మా మేనల్లుడు ఇప్పుడు జర్నలిజం చదువుతున్నాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు "పార్టీ పేపరంటే కరపత్రమే కదా మావయ్యా, డబ్బులిచ్చి ఎవరు కొంటారు?" అన్నాడు. వాడికి నోటితో చెబితే సగం వింటాడు, అందుకని రాస్తున్నాను. అక్షరాలైతే ఫోన్లో ఉంటాయి కాబట్టి చదవొచ్చు.

ముందు కాస్త పాత సంగతి. 1934లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం పడింది. కాబట్టి ఆంధ్రలో కమ్యూనిస్టులు కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ గొడుగు కింద పనిచేసేవారు. 1937లో నవశక్తి అనే వారపత్రిక వచ్చింది ఆ గొడుగు కిందే. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచిన కాలం అది, 1937-38. మన జిల్లాలో జమీందారీల మీద రైతులు గొంతెత్తడం మొదలైన రోజులు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, పార్టీ ఆ యుద్ధాన్ని వ్యతిరేకించింది, నవశక్తి మూతపడింది. ఆపైన స్వతంత్ర భారత్ పేరుతో రహస్య పత్రిక. పలాసలో అఖిల భారత కిసాన్ సభ 1940 మార్చిలో జరిగింది. వారం తిరక్కుండానే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో పోలీసు కాల్పులకి గుడారి రాజమణిపురం గున్నమ్మ బలైంది. ఆ రోజుల్లో అలాంటి కబురు కాగితం మీద ఎక్కించి చేతులు మార్చడమంటే జైలుకి దారి వెతుక్కోవడమే.

1942లో లెక్క మారింది. హిట్లర్ సోవియట్ మీద పడ్డాక పార్టీ ఇది ప్రజాయుద్ధమంది, బ్రిటిష్ వాళ్ళు జులైలో నిషేధం ఎత్తేశారు, బెజవాడలో ప్రజాశక్తి వారపత్రిక మొదలైంది. సరిగ్గా ఆగస్టులో క్విట్ ఇండియా. ఊరంతా జైళ్ళకి పోతుంటే వీళ్ళకి కొత్త ప్రెస్సు. ఈ మాట మా ఊళ్ళో కాంగ్రెస్ ముసలాయన ఒకాయన చచ్చేదాకా మా నాన్నతో అంటూనే ఉన్నాడు. నాన్న దగ్గర దానికి పేద్ద సమాధానం ఉండేది, స్టాలిన్‌గ్రాడ్ నుంచి మొదలయ్యేది. ఆ సమాధానం పొడుగు చూస్తేనే అది ఎంత ఇబ్బందికరమైన ప్రశ్నో నాకు అర్థమయ్యేది. ఏమైతేనేం, ఆ పేపరు మూడేళ్ళలో, 1945కల్లా, దినపత్రిక అయింది. 1948లో ప్రభుత్వం దాన్ని మూయించింది. తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తున్న కాలం, ఇటు కోస్తాలో కార్యకర్తల వేట.

పోరాటం విరమించాక, 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకి ఆంధ్ర ప్రాంతం నుంచి కమ్యూనిస్టులు 41 మంది గెలిచారు. ఆ ఊపులో జూన్ 22న విజయవాడలో విశాలాంధ్ర దినపత్రిక పుట్టింది. మద్దుకూరి చంద్రశేఖరరావు సంపాదకుడు. తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం కావాలన్నది అప్పటి పార్టీ నినాదం, అదే పేపరు పేరు. మూడేళ్ళకే, 1955 ఎన్నికల్లో, పెద్ద పత్రికలన్నీ ఒకవైపు, ఈ ఒక్కటీ ఒకవైపు. ఓట్లు బాగానే వచ్చాయి, సీట్లు మాత్రం 15. నాన్నకి అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు, అయినా ఆ ఓటమి తనే ఓడినట్టు చెప్పేవాడు. ఆయన ఎర్రపార్టీ వైపు తిరిగింది గెలిచిన ఏడాది కాదు, ఓడిన ఏడాది. ఈ ఒక్క విషయంలో మా నాన్న మీద నాకు గౌరవం ఎక్కువ.

1964లో పార్టీ రెండైంది. విశాలాంధ్ర సీపీఐ దగ్గర ఉండిపోయింది. సీపీఎం వాళ్ళు జనశక్తి పెట్టుకున్నారు. నాలుగేళ్ళకి ఆ పార్టీలోంచి తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి బయటికి వచ్చేశారు. జనశక్తి వాళ్ళతో పోయింది. 1969లో సీపీఎం, నలభైల్లో ఆగిపోయిన ప్రజాశక్తి పేరు మళ్ళీ పైకి తీసి వారపత్రికగా నడిపింది. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటే పొలం చెరిసగం చేయొచ్చు గానీ పేపరు చెరిసగం అవదు కదా! ఎవరికి ప్రెస్సు దక్కితే వాళ్ళది పేరు. ఓడినవాళ్ళు కొత్త పేరు వెతుక్కోవాలి. తెలుగు కమ్యూనిస్టుల చరిత్ర తీర్మానాల్లో చదివితే బుర్ర తిరుగుతుంది. పేపర్ల పేర్లు వరసగా రాసుకుంటే ఎప్పుడు నిషేధమో, ఎప్పుడు చీలికో ఎవరైనా చెప్పేయొచ్చు.

ఈ పేపర్లేవీ దొరకని చోటు కూడా మన దగ్గరే ఉంది. పార్వతీపురం ఏజెన్సీ. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపారు. అక్కణ్ణుంచి రాజుకున్న శ్రీకాకుళం సాయుధ పోరాటం గురించి కలకత్తా నుంచి లిబరేషన్ అనే నక్సలైట్ల ఇంగ్లీషు మాసపత్రిక రాసేది. శ్రీకాకుళం భారతదేశపు యెనాన్ (చైనాలో మావో సేనల స్థావరం) అవుతుందా అని 1969లో అదే అడిగింది. అమ్మ తరపు మావయ్య ఒకాయన ఆ వైపు టీచరు. డిక్షనరీ పక్కన పెట్టుకొని లిబరేషన్ చదివేవాడట. పోలీసు క్యాంపులు వచ్చాక ఆ ప్రతులు వడ్ల గాదెలో అడుక్కి తోసేశాడు. అమ్మమ్మ కనిపెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, వాటితో నీళ్ళపొయ్యి వెలిగించింది. "యెనాన్ అయితే అయింది, మా వోడికి ఉజ్జోగం ఉండాల గదా" అందట. ఆ పూట అందరికీ వేణ్ణీళ్ళ స్నానాలు.

అసలు ఏజెన్సీలోనూ ఉద్దానంలోనూ పేపరు పని చేసింది జముకుల కథ. సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడులో గుడి పూజారి, జముకు పట్టి కథ చెబితే అక్షరం రానివాడికి కూడా నిన్న ఏ ఊళ్ళో ఏం జరిగిందో తెలిసేది. 1969 డిసెంబర్‌లో పోలీసులు ఆయన్ని చంపేశారు. 1970 జులైలో ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా అలాగే పోయారు. మా మావయ్య ఉద్యోగం నిలిచింది. తరవాత ఆయన ఏ పేపరూ తెప్పించుకోలేదు, రేడియో కొనుక్కున్నాడు.

ఇక మా అరుగు దగ్గరికి వస్తాను. 1981 ఆగస్టు 1న ప్రజాశక్తి విజయవాడలో దినపత్రికగా మళ్ళీ మొదలైంది, మోటూరు హనుమంతరావు సంపాదకత్వంలో. మా ఇంట్లో రెండో పేపరు పడటం అప్పట్నుంచే. చిన్నాన్న చందాదారుడు, ఏజెంటు, పేపరు కుర్రాడు, విలేకరి, అన్నీ తనే. విజయవాడలో అచ్చయిన కట్ట రైల్లో విజయనగరం వచ్చి, అక్కణ్ణుంచి నెల్లిమర్ల చేరేసరికి మధ్యాహ్నం దాటేది. అప్పటికే ఈనాడు విశాఖలో అచ్చు మొదలెట్టి ఏడేళ్ళయింది, తెల్లారేసరికి గుమ్మాల్లో ఉండేది. చల్లారిపోయిన పేపరు ఎవరు కొంటారని నాన్న ఎత్తిపొడిచేవాడు. మరి విశాలాంధ్ర కూడా ఆ రైల్లోనే కదా వచ్చేది! అది ఆయనకి గుర్తుండేది కాదు.

చిన్నాన్న చదివింది అయిదో తరగతి. కూడబలుక్కొని చదివేవాడు. అందుకని షిఫ్టు మారే వేళకి నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని మిల్లు గేటు దగ్గర టీ దుకాణానికి తీసుకెళ్ళేవాడు. జనపనార నూగు తలల మీదా కనుబొమ్మల మీదా తెల్లగా అంటుకొని, దగ్గుకుంటూ బయటికి వచ్చేవారు జనం. బల్ల మీద కూర్చొని నేను పేపరు చదవాలి. మొదటి పేజీలో బ్రెజ్నెవ్ ఉంటాడు, ఆయన పోతే ఆంద్రోపోవ్, ఆయనా పోతే చెర్నెంకో. ఆ పేర్ల దగ్గర నా నాలుక మడతపడేది. ఎవరో ఒకరు అడ్డం తగిలేవారు.

"బాబూ, ఆ రుస్యావోల మాట తరవాత సదువుదువు గానీ, మన మిల్లు మాటేటైనా ఏసినారేటో సూడు."

లోపలి పేజీ తిప్పి వెతికేవాణ్ణి. బోనస్ కోసం గేట్ మీటింగ్, మూడు లైన్లు.

"మూడు లైన్లా! నాను రెండు కాయితాలు రాయించినాను గదరా" అని చిన్నాన్న.

ఆ రెండు కాయితాలు రాసిందీ నేనే. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. ఆయనకో పద్ధతుండేది. ఏ మిల్లు, ఏ డిపార్ట్‌మెంటు, ఎంతమంది, ఏమడిగారు, ఎప్పటిలోగా ఇవ్వాలన్నారు. ఈ అయిదూ పడ్డాక మిగతా కోపమంతా రాసుకోవచ్చు. కోపం ఎలాగూ డెస్కులో కత్తిరిస్తారని ఆయనకి తెలుసు. రాసింది మడిచి కవర్లో పెట్టి, పైన "వార్తలు, అర్జంట్" అని ఎర్ర సిరాతో రాసి బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. అచ్చయిన మూడు లైన్లని మాత్రం బ్లేడుతో కోసి, అన్నం మెతుకుతో పాత క్యాలెండరు వెనక అంటించేవాడు. మా వంటింటి గోడకి తిరగేసి తగిలించిన క్యాలెండర్లన్నీ అవే. దేవుడి బొమ్మ గోడవైపు, బోనస్ వార్త మనవైపు. అమ్మ ఒకసారి గట్టిగా అడిగితే ఆదివారాలు దేవుణ్ణి ఇటు తిప్పడానికి ఒప్పుకున్నాడు.

పత్రిక ఒట్టి ప్రచారకుడు కాదు, నిర్మాణం కూడా చేస్తుందని లెనిన్ 1901లో రాసిన మాట ప్రతి పార్టీ క్లాసులోనూ చెబుతారు. ఆయన ఇస్క్రా పత్రిక జర్మనీలో అచ్చయి దొంగదారిన రష్యా చేరేది, మోసుకెళ్ళినవాళ్ళే తరవాత పార్టీ అయ్యారు. చిన్నాన్న దీన్ని తనకి తోచినట్టు అర్థం చేసుకున్నాడు. పేపరు వేయడానికి రోజూ ముప్పై నలభై గుమ్మాలు ఎక్కుతాం, ఎవరింట్లో జ్వరమో, ఎవరి మీద మేస్త్రీ కక్షకట్టాడో, ఎవరి పిల్లకి సంబంధం తప్పిపోయిందో తెలుస్తుంది, ఇంక సంఘం సభ్యత్వానికి వేరే వెళ్ళనక్కర్లేదు. నిజంగానే ఆయన చందా పుస్తకమూ యూనియన్ రశీదు పుస్తకమూ ఒకే సంచిలో ఉండేవి, మధ్యలో ఒకటే కార్బన్ పేపరు. డబ్బులు మాత్రం ఎప్పుడూ కలిసేవి కావు, రెండు వేర్వేరు చుట్టలు, ఒకదానికి రబ్బరు బ్యాండు, ఒకదానికి దారం. నెలాఖరుకి పేపరు బకాయిలు వసూలు కాకపోతే జీతంలోంచి వేసేవాడు, పిన్ని చేతిలో చీవాట్లు తినేవాడు.

మే డే వస్తే ప్రత్యేక సంచిక. దానికి ప్రకటనలు కావాలి. సహకార సంఘం, సర్పంచి, మందుల దుకాణం, చివరికి రైస్ మిల్లు యజమాని కూడా "శ్రామికులకు మే డే శుభాకాంక్షలు" అని పావు పేజీ ఇచ్చేవాడు. అదే మిల్లులో హమాలీలు కూలి రేట్ల కోసం పని ఆపేసిన ఏడాది కూడా ఇచ్చాడు. చిన్నాన్న తీసుకున్నాడు. నాన్న ఆ పేజీ చూపించి వారం రోజులు నవ్వాడు.

నాన్న పేపరు గొప్ప వేరు. చక్రవర్తుల రాఘవాచారి మూడు దశాబ్దాలకు పైగా విశాలాంధ్ర సంపాదకుడిగా ఉన్నారు. నాన్న ఆ సంపాదకీయాలు కత్తిరించి ఫైలు పెట్టుకునేవాడు. తెలుగు వాక్యం ఎలా ఉండాలో చూడమని నాకు చూపించేవాడు. ఆదివారం సాహిత్యం పేజీ పట్టుకొని విజయనగరం పోయి తోటి మాస్టర్లతో సాయంత్రం దాకా వాదించి వచ్చేవాడు. పేరున్న కథకుడు చాసో ఇంకా ఉన్న రోజులు, ఆ ఊళ్ళో కథ మీద మాట్లాడటమంటే భయభక్తులతో మాట్లాడాలి. విశాలాంధ్ర బుక్ వ్యాన్ ఊళ్ళోకి వస్తే నాన్న జీతంలో పెద్ద ముక్క దానికే. నన్నడిగితే నాన్న పేపర్లో తెలుగు బాగుండేది, చిన్నాన్న పేపర్లో మా ఊరు ఉండేది. రెండూ ఒకే పేపర్లో ఎందుకుండవని చిన్నప్పుడు అడిగితే ఇద్దరికీ కోపమొచ్చింది, అదీ ఒకేసారి.

పార్టీ పేపర్లని దెబ్బతీసింది నిషేధాలు కావని నా లెక్క. నిషేధం పడినప్పుడల్లా ఇంకో పేరుతో లేచాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడం కూడా కాదు. ఆ రోజు నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, చిన్నాన్న వైపు చూసి "టీ తాగుదామేంటిరా" అన్నాడు, అంతే. మర్నాడు రెండు పేపర్లూ మామూలుగానే వచ్చాయి, ఒక్క చందా కూడా పోలేదు. అసలు దెబ్బ అంతకు ముందే, చప్పుడు లేకుండా తగిలింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న సైజు అనుబంధం పెట్టింది, మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. మండలానికో విలేకరి. మురుగుకాలవ, రేషన్ షాపు, బడి గోడ, యూనియన్ మీటింగు, అన్నీ ఫోటోతో సహా తెల్లారేసరికి వచ్చేస్తున్నాయి. గేటు దగ్గర మా వాళ్ళు పార్టీ పేపరు కొన్నది బ్రెజ్నెవ్ కోసం కాదు, ఆ మూడు లైన్ల కోసం. అవే మూడు లైన్లు పెద్ద పేపర్లో పది లైన్లై, పైగా గుంపులో తన మొహం కూడా కనిపిస్తుంటే, వాడికి రెండో పేపరెందుకు? ప్రజాశక్తి కూడా జిల్లా పేజీలు పెట్టింది, విశాఖలో అచ్చు వచ్చాక పొద్దున్నే అందింది కూడా. కానీ అప్పటికి జనానికి అలవాటు మారిపోయింది.

తేడా ఎక్కడుందో 1994లో మళ్ళీ తెలిసింది. జనవరి 29న నెల్లిమర్లలో పోలీసు కాల్పుల్లో అయిదుగురు జూట్ మిల్లు కార్మికులు చనిపోయారు. మర్నాడు ఏ పేపరు చూసినా మా ఊరే మొదటి పేజీ. హైదరాబాదు నుంచి వచ్చిన విలేకర్లు మా అరుగు మీదే కూర్చొని మజ్జిగ తాగారు. కొన్నాళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. పోయినవాళ్ళ కుటుంబాలకి ఏమొచ్చింది, కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు కోర్టుకి ఎన్నిసార్లు తిరుగుతున్నారు, మిల్లు ఎప్పుడు తెరుస్తారు, ఇవి రాయడానికి మిగిలింది చిన్నాన్న లాంటి చేతులే. అప్పుడు మాత్రం నాన్న కూర్చొని ఆయన కాయితాలు దిద్ది ఇచ్చాడు, రెండు కాపీలు. ఒకటి ప్రజాశక్తికి, ఒకటి విశాలాంధ్రకి. ఆ ఏడాది చివర ఎన్నికల్లో రెండు పార్టీలూ తెలుగుదేశంతో కలిసి పోటీ చేసి, సీపీఐ 19, సీపీఎం 15 సీట్లు గెలిచాయి. మా ఇంట్లో మాత్రం పొత్తు ముందే కుదిరింది.

నాన్న లేడు. చిన్నాన్న మిల్లు నుంచి ఎప్పుడో రిటైరై, కళ్ళకి శుక్లాలు తీయించుకొని, ఇప్పుడు ఫోన్లో పేపరు చదువుతాడు, అక్షరం పెద్దది చేసుకోవచ్చని ఆయనకి తెగ సంతోషం. రాష్ట్రం రెండైంది. అటువైపు సీపీఎం వాళ్ళు 2015లో నవతెలంగాణ పెట్టుకున్నారు, మళ్ళీ కొత్త పేరు. కరోనా తరవాత పెద్ద పేపర్లు జిల్లా పేజీలు తగ్గించుకున్నాయి. మండల విలేకరి ఇప్పుడు వార్త కంటే ముందు ప్రకటన అడగాల్సి వస్తోంది. మా వైపు చిన్న ఫ్యాక్టరీలో పని ఆపేస్తే పేపర్లో వెతుక్కోవడమే.

మేనల్లుడికి ఇది చూపించాలి. మొన్న యూనియన్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక కుర్రాడు కాగితం మీద చేత్తో రాసి ఫోటో తీసి పెట్టాడు. ఫ్యాక్టరీ పేరు, డిపార్ట్‌మెంటు, ఎంతమందిని ఆపేశారు, ఏమడుగుతున్నారు, ఎప్పటిలోగా. చిన్నాన్నకి చూపిస్తే పెద్దది చేసుకొని చదివి, "తేదీ ఎయ్యలేదు, ఫోన్ సేసి సెప్పు" అన్నాడు. చేసి చెప్పాను.